సూర్యగ్రహణభేదములు: దేశమునుబట్టి నిర్ణయము

విభవనామ సంవత్సర శ్రావణ బహుళామావాస్య, మంగళవారమునాడు (1868 ఆగస్టు 18) ఉదయమున గుంటూరిలో సూర్యబింబము నిశ్శేషముగ మరుగుపడి, అయిదు నిమిషములకు పైగా పగలు రాత్రివలె నయ్యెను. గుంటూరికి వాయవ్యమున సుమారు మూడు వందల కిలోమీటరుల దూరమున, గోదావరికి ఉత్తరపుటొడ్డున నస్పూరు గలదు. ఆ యూర నదే దినమున నదే చంద్రుడు నదే సూర్యుని గప్పినను బింబము పూర్తిగ గప్పబడలేదు; ఒక ప్రక్క వెలుగురేఖ మిగిలియే యుండెను. ఆనాటి గ్రహణము సంపూర్ణమా, పాక్షికమా? గుంటూరివాడు సంపూర్ణమనిన నది సత్యము. నస్పూరివాడు పాక్షికమనిన నదియు సత్యమే.

పాఠశాలలలో సూర్యగ్రహణములు సంపూర్ణము, వలయము, పాక్షికము, సంకరము అని నాలుగు విధములుగా జెప్పుట పరిపాటి. బాలురు దీనిని మామిడిపండ్ల జాతులవలె, ఒకదాని కొకటి సంబంధములేని నాలుగు వస్తువులుగా గ్రహింతురు. ఈ గ్రహణము పొరపాటు. సూర్యచంద్రుల సమాగమ మొక్కటియే. ఛాయలో ద్రష్ట యున్న చోటునుబట్టియు, చంద్రుని దూరమునుబట్టియు దానికి బేరు మారుచున్నది. ఈ మాట మన జ్యోతిస్సిద్ధాంతములలోనే గర్భితమై యున్నది. దీనిని మరచుటవలన బంచాంగములయందు నిష్కారణమైన యవిశ్వాసమును, శాసనకాల నిర్ణయమున గొన్ని చిక్కులును గలుగుచున్నవి.

సిద్ధాంతుల మతము

రాహువు సూర్యచంద్రులను మ్రింగుననుట పురాణప్రసిద్ధము. అమృతమథన కథయం దిది వచ్చును. నన్నయభట్టారకుని యాదిపర్వముచే దెనుగువారి కందరికి బరిచితము. అయినను క్రీ. శ. 499 నాటికే ఆర్యభటుడు చంద్రగ్రహణమునకు భూచ్ఛాయయు, సూర్యగ్రహణమునకు జంద్రబింబమును గారణములని స్పష్టముగ జెప్పెను. వరాహమిహిరుడు బృహత్సంహితలోని రాహుచారాధ్యాయమున నీ కారణమునే వివరించెను. గణితకర్తలకు రాహుకేతువు లనగా జంద్రమార్గము క్రాంతివృత్తమును ఖండించు పాతస్థానములు. అమావాస్యాంతమున సూర్యు డా పాతములకు సమీపమున నున్నచో గ్రహణము సంభవించును. లేనిచో జంద్రుడు సూర్యునకు మీదుగానో క్రిందుగానో తొలగిపోవును. ప్రతి యమావాస్యకు గ్రహణము లేకుండుటకు నిదియే హేతువు.

సూర్యసిద్ధాంతమున నాలుగవ యధికారము చంద్రగ్రహణమును, అయిదవది సూర్యగ్రహణమును, ఆరవది గ్రహణ పరిలేఖనమును దెలుపును. చంద్రగ్రహణమునకు లేని రెండు సంస్కారములు సూర్యగ్రహణమునకు విధింపబడినవి. అవి లంబనము, నతి యనునవి. చంద్రగ్రహణమున భూచ్ఛాయ చంద్రునిమీదనే పడుచున్నది కావున, ఆ సమయమున జంద్రుని జూడగల దేశములవా రందరును నొకే గ్రాసమును జూతురు. సూర్యగ్రహణమున నట్లు గాదు. చంద్రుడు భూమికి మిక్కిలి దగ్గర, సూర్యుడు మిక్కిలి దూరము. కావున ద్రష్ట స్థానము మారినకొలది సూర్యునిముందు జంద్రుని స్థానము జరిగినట్లు కనబడును. తూర్పుపడమరల యందలి యీ జరుగుదల లంబనము. ఉత్తరదక్షిణముల యందలిది నతి. స్వదేశమునకు వీనిని సాధింపక సూర్యగ్రహణమును గణించువాడు, గణితము చేసియు జేయనివాడే యగును. సూర్యగ్రహణము దేశాధీనమని ప్రాచీను లెరిగిరనుటకు నింతకంటె వేరు ప్రమాణ మక్కరలేదు.

బింబప్రమాణములు

ఇక వలయ సంపూర్ణ భేదమునకు మూలమైన బింబప్రమాణములను జూడదగును. సూర్యసిద్ధాంతమతమున జంద్రకక్ష్య 3,24,000 యోజనములు. వృత్తమున 21,600 లిప్తలు గావున నొక్క లిప్తకు 15 యోజనములు. చంద్రుని మధ్యమ వ్యాసము 480 యోజనము లగుటచే బింబము 32 లిప్తలు. సూర్యవ్యాసము 6,500 యోజనములు. దానిని యుగ సూర్యభగణములగు 43,20,000 చే గుణించి, చంద్రభగణములగు 5,77,53,336 చే భాగించి చంద్రకక్ష్యకు దెచ్చినచో సుమారు 486 యోజనము లగును. అనగా బింబము 32 లిప్తలకు మీద మరి 25 విలిప్తలు. మధ్యమ మానమున సూర్యబింబమే చంద్రబింబముకంటె నర్ధలిప్తకు గొంచెము తక్కువగా బెద్దదని యీ యంకెలే చెప్పుచున్నవి. స్ఫుటగతి హెచ్చినప్పుడు బింబము హెచ్చును, తగ్గినప్పుడు తగ్గుననియు నా గ్రంథమే విధించుచున్నది. కావున శీఘ్రగతిలోనున్న చంద్రుడు సూర్యుని బూర్తిగ గప్పగలడు. మందగతిలోనున్నవాడు కప్పలేక చుట్టును వెలుగు మిగుల్చును.

ఆధునిక గణిత మీ నిర్ణయమునే సూక్ష్మతరము గావించినది. చంద్రుడు భూమికి సుమారు 3,56,500 కిలోమీటరులు మొదలు 4,06,700 కిలోమీటరులవరకు దూరము మారుచు దిరుగును. అందుచే నతని బింబము 29 లిప్తలకు గొంచెము పైనుండి 33 లిప్తలకు బైబడువరకు హెచ్చుతగ్గు లగును. సూర్యుని దూరము జనవరి మొదట 14.71 కోట్ల కిలోమీటరులు, జూలై మొదట 15.21 కోట్ల కిలోమీటరులు. బింబము 32½ లిప్తలకును 31½ లిప్తలకును నడుమ మారును. ఈ రెండు బింబములు దాదాపు సమానము లగుటయే యిన్ని భేదములకు దావిచ్చినది. చంద్రుడు మిక్కిలి చిన్నవాడైన సంపూర్ణము లేకపోవును. మిక్కిలి పెద్దవాడైన వలయము లేకపోవును.

నాలుగు భేదములు

చంద్రుని వెనుక నేర్పడు ఛాయ సూదిమొనవలె సన్నగిలుచు బోవును. ఆ మొన భూమిని దాకినచో, దాకిన చోట సంపూర్ణగ్రహణము. సర్వగ్రాసము, ఖగ్రాసము ననునవి దీనికే పేర్లు. ఛాయ భూమిమీద నేర్పరచు పట్టీ వెడల్పు సాధారణముగ మూడు వందల కిలోమీటరుల లోపుగా నుండును. ఆ మొన భూమిని దాకకయే సమసిపోయినచో, దాని సూటిలో నున్నవారికి జంద్రుని చుట్టును గంకణమువలె సూర్యకాంతి కనబడును. అది వలయగ్రహణము, లేక కంకణగ్రహణము. ఛాయకు జుట్టును వేలకొలది కిలోమీటరుల మేర వ్యాపించు నుపచ్ఛాయలో నున్నవారికి బాక్షికగ్రహణము. కొన్ని వేళల ఛాయ భూమికి దూరముగ దొలగి, యుపచ్ఛాయ మాత్రమే భూమిని దాకును. అప్పు డెచ్చటను సంపూర్ణము గాని వలయము గాని యుండదు.

నాలుగవది సంకరము. భూమి గుండ్రముగ నుండుటచే, ఛాయామార్గపు నడిమి ప్రదేశములు చంద్రునకు గొంచెము దగ్గరగను, అంచులు గొంచెము దూరముగను నుండును. ఛాయాగ్రము సరిగా భూమిదాక వచ్చి యాగిన దినమున, అంచులం దున్నవారికి వలయమును, నడుమ నున్నవారికి సంపూర్ణమును గనబడును. 2013 నవంబరు 3, 2023 ఏప్రిలు 20 దినముల గ్రహణము లిట్టివి. ఒకే గ్రహణము ఒకచోట వలయము, వేరొకచోట సంపూర్ణము, మరియొకచోట పాక్షికము నగుటకు సంకరమే ప్రత్యక్ష నిదర్శనము.

క్రీ. పూ. 2000 మొదలు క్రీ. శ. 3000 వరకు నయిదువేల యేండ్లకు గణింపగా 11,898 సూర్యగ్రహణములు తేలినవి. వానిలో 4,200 కేవల పాక్షికములు, 3,956 వలయములు, 3,173 సంపూర్ణములు, 569 సంకరములు. ఈ లెక్క భూమి మొత్తమునకు జేసినది. ఏ యొక్క గ్రామమునకు లెక్కించినను, ఆ గ్రామము చూచువానిలో నెక్కువ భాగము పాక్షికములే యగును. భూమిమీద ఛాయాపట్టీ దారమంత, ఉపచ్ఛాయ దుప్పటియంత.

తెనుగుదేశ నిదర్శనములు

1868 నాటి ఛాయాపట్టీ తెనుగుదేశమును బడమటనుండి తూర్పునకు దాటినది. వనపర్తి, గుంటూరు, మచిలీపట్టణము లా పట్టీలో నుండెను. గుంటూరికి ఫ్రాన్సునుండి జాన్సెన్ పండితుడును, ఆంగ్లేయుల పక్షమున మేజర్ టెన్నెంటును వచ్చిరి. మచిలీపట్టణమున మదరాసు వేధశాలాధ్యక్షుడగు పోగ్సన్ నిలిచెను. వనపర్తికి నా వేధశాలయందు సహాయకుడుగ నుండిన చింతామణి రఘునాథాచార్యులు పంపబడెను. సిద్ధాంతగణితమును, పాశ్చాత్యవేధమును రెంటిని నెరిగిన పండితు డితడు. 1872 లో లండను రాజకీయ ఖగోళ సంఘమున సభ్యుడై, ఆ గౌరవమందిన ప్రథమ భారతీయు డయ్యెను. 1874 నాటి శుక్రసంక్రమణమునుగూర్చి దేశభాషలలో బుస్తకము ప్రకటించి, దృగ్గణిత పంచాంగమునకై పాటుపడెను.

ఆనాడు సూర్యబింబపుటంచున నెగయు జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో విడదీసి చూచిరి. అవి వాయుమయములని, ముఖ్యముగ నుదజనివాయు మయములని తేలెను. మరునాడు జాన్సెన్ గ్రహణము లేకయే యా జ్వాలల రేఖలను జూడగలిగెను. పరిశీలకులలో బలువురు చూచిన యొక పసుపురేఖ భూమియందు దెలిసిన యే మూలద్రవ్యమునకును జెందలేదు. లాక్యర్ దానికి సూర్యుని గ్రీకు పేరునుబట్టి హీలియమని నామకరణము చేసెను. 1895 లో రామ్సే దానిని భూమిమీది ఖనిజమునుండి వెలువరించెను. ఇదంతయు ఛాయాపట్టీలో నిలిచినవారికే లభించిన ఫలము. ఆ పట్టీకి వెలుపల నెంత గొప్ప యంత్రము నిలిపినను, మిగిలిన సన్నని సూర్యరేఖయే పరివేషమును గప్పివేసి యుండును.

1871 డిసెంబరు 12 న మరల దక్షిణదేశమున సంపూర్ణగ్రహణము సంభవించెను. ఉదకమండలము, అవినాశి ఛాయాపట్టీలో నుండెను. రఘునాథాచార్యులు ఈమారు అవినాశికి బోయెను. ఆరునెలలకే, 1872 జూన్ 6 న, మదరాసులో వలయగ్రహణము కనబడగా బోగ్సన్ దానిని బరిశీలించెను. నాలుగేండ్లలోపుగా నొక్క వేధశాలవారు రెండు సంపూర్ణములను, ఒక వలయమును జూచిరి. ఆ మూడింటిలో సూర్యుడొక్కడే, చంద్రుడొక్కడే. మారినవి దూరమును స్థానమును మాత్రమే.

నస్పూరు ఛాయాపట్టీలకు నడుమ నిలిచిన తీరు గమనింపదగినది. 1868 నాటి పట్టీ దానికి దక్షిణమున బోయినది. హేవిలంబి పుష్య బహుళామావాస్యనాడు (1898 జనవరి 22) రత్నగిరి ప్రాంతమున భూమినెక్కిన ఛాయ, వార్ధానది యొడ్డున నున్న పుల్గాఁవ్ మీదుగా నీశాన్యమునకు సాగినది. ఆ పుల్గాఁవ్ నందును, బీరారులోని తాల్నియందును నింగ్లండునుండి వచ్చిన ఖగోళజ్ఞులు విడిసి యుండిరి. వార్ధానది వైన్‌గంగతో గలిసి ప్రాణహితయై, నస్పూరికి దిగువన కాళేశ్వరముకడ గోదావరిలో బడుచున్నది. నీరు వచ్చినది గాని నీడ రాలేదు. ఈ పట్టీ నస్పూరికి నుత్తరమున దొలగిపోయెను. సిద్ధార్థి మాఘ బహుళామావాస్య, శనివారమునాడు (1980 ఫిబ్రవరి 16) ఛాయ కర్ణాటక తీరమున బ్రవేశించి, రాయచూరుమీదుగా దెలంగాణ దక్షిణభాగమును దాటి, పూరీతీరమున సముద్రమున బడెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్ రంగాపూర్ వేధశాల యా పట్టీలోనే యుండుటచే, వచ్చిన గ్రహణమును స్వస్థానముననే పరిశీలించు నదృష్టము దానికి గలిగెను. నస్పూరికది మరల దక్షిణమున సుమారు రెండువందల కిలోమీటరుల దూరమున జరిగినది. వికారి మార్గశిర బహుళామావాస్యనాటి (2019 డిసెంబరు 26) వలయము కోయంబత్తూరు, దిండిగల్లు ప్రాంతములవారికి గంకణముగ గనబడి, నస్పూరికి బాక్షికమే యయ్యెను. 1868, 1898, 1980, 2019: మూడు సంపూర్ణములు, ఒక వలయము. నస్పూరున కవి నాలుగును బాక్షికములే.

శాసనములు, పంచాంగములు

ఈ విచారమువలన బ్రయోజనమేమన, మొదట శాసనపరిశోధకులకు గలదు. సూర్యగ్రహణ పుణ్యకాలమున భూదానము చేసితిమని చెప్పు శాసనములు దక్కనునందు బెక్కులు. వానిలో సంపూర్ణమో, పాక్షికమో సాధారణముగ జెప్పబడదు. సూయల్, శంకర బాలకృష్ణ దీక్షితులు 1896 లో బ్రకటించిన భారతీయ కాలగణన గ్రంథమునకు ష్రామ్ పండితుని సూర్యగ్రహణ పట్టిక లనుబంధముగ జేర్చబడినవి. ఏ దినమున నే గ్రహణ మేయే యక్షాంశ రేఖాంశములకు గనబడెనో వానివలన దెలియును. అప్పుడొక విశేషము బయలుపడెను: శాసనోక్త గ్రహణములలో గొన్ని యీ దేశమున గానరానివి. దానిచే నట్టి శాసనములన్నియు గూటములని కొందరు తొందరపడుదురు. అది యుక్తము గాదు. పంచాంగకర్త స్థూలగణితముచే వ్రాసిన గ్రహణమును నమ్మి దాత సంకల్పము చేసి యుండవచ్చును.

పశ్చిమచాళుక్య చక్రవర్తియగు రెండవ పులకేశి హైదరాబాదు తామ్రశాసన మిట్టి విచారమునకు మంచి యుదాహరణము. శకవర్షము 534, రాజ్యమున మూడవ యేడు, భాద్రపదామావాస్య, సూర్యగ్రహణము అని దానియందు గలదు. క్రీ. శ. 612 ఆగస్టు 2 అనియు, 613 జూలై 23 అనియు దానికి రెండు దినములు చెప్పబడినవి. శకవర్షము గతమా వర్తమానమా, మాసము పూర్ణిమాంతమా యమాంతమా యను ప్రశ్నలతోపాటు, గ్రహణము దానము జరిగిన చోట గనబడెనా యను ప్రశ్నయు నిందు బ్రధానము. పులకేశి రాజ్యారంభమే యీ నిర్ణయముచే నొక యేడు ముందువెనుక లగును. గ్రహణము జరిగినదని చెప్పుట చాలదు. ఎచ్చట నుండువారికి నెంత గ్రాసము కనబడెనో చెప్పిననే యది ప్రమాణము.

రెండవ ప్రయోజనము పాఠశాలలకును గృహస్థులకును గలదు. పంచాంగమున సంపూర్ణ సూర్యగ్రహణమని యుండి, తమ యూర సగమే కనబడినప్పుడు జనులు పంచాంగము తప్పినదందురు. పత్రికలలో గంకణగ్రహణమని చదివి, నీటిపళ్ళెములో గంకణము గానక నిరాశ పడుదురు. తప్పు గణితమున లేదు, పేరును జదివిన తీరున గలదు. ఆ పేరు భూమిమీద నెచ్చటనో కనబడు పరమగ్రాసమునకు బెట్టినది. స్వగ్రామపు గ్రాసము వేరుగా సాధింపవలెను. గ్రహణము దృశ్యమగు దేశముననే స్నానదానాదులు విహితములని ధర్మశాస్త్ర నిబంధకారులు చెప్పుటలోను నీ సూక్ష్మమే కలదు. సూర్యసిద్ధాంత మింకొక యడుగు ముందునకు బోయి, సూర్యునియందు మూడు లిప్తల గ్రాస మున్నను తేజస్తీక్ష్ణతచే గంటికి గానరాదని హెచ్చరించినది. ఆ తేజస్సే బాలురకు జెప్పవలసిన ముఖ్యమైన హెచ్చరిక: పాక్షికమున మిగిలిన రేఖ యెంత సన్ననిదైనను, తగిన వడపోత యద్దము లేక చూచిన గంటికి హాని. పైని జెప్పిన నాలుగు గ్రహణములును నస్పూరికి బాక్షికములే యైనవి గావున నక్కడి బాలుర కీ మాట మరింత యవసరము.

కాలభేదము

దేశమునుబట్టి వలెనే దీర్ఘకాలమునుబట్టియు నీ భేదములు మారుచున్నవి. 1969 మొదలు చంద్రునిమీద నిలిపిన దర్పణములకు గాంతికిరణములను బంపి కొలువగా, చంద్రుడు భూమికి నేటేట దాదాపు 3.8 సెంటీమీటరుల చొప్పున దూర మగుచున్నట్లు తేలెను. నస్పూరు సింగరేణి బొగ్గుగనుల ప్రాంతములోనిది. దాని నేలక్రింది బొగ్గు, యిరువదియైదు కోట్ల యేండ్లకు బూర్వము గోదావరీలోయలో బెరిగిన యరణ్యముల యవశేషము. ఆ చెట్లకు వెలుగిచ్చిన సూర్యుని ముందుగా నడచిన చంద్రుడు నేటికంటె వేలకొలది కిలోమీటరులు దగ్గర నుండెను. కావున నప్పుడు సంపూర్ణము లధికము, వలయము లల్పము. మరి యరువదికోట్ల యేండ్లకు జంద్రు డెంత దగ్గరకు వచ్చినను సూర్యుని బూర్తిగ గప్పజాలడని యంచనా. అప్పుడు వలయమును, పాక్షికమును మాత్రమే మిగులును. నాలుగు భేదములను శాశ్వత జాతులుగా నెంచరాదనుట కిది మరియొక ప్రమాణము.

2031 మే 21 న కేరళ ద్రావిడదేశములలో వలయమును, 2034 మార్చి 20 న కాశ్మీరమున సంపూర్ణమును గలవు. ఆ దినముల పంచాంగమున నొకటి వలయమని, ఒకటి సంపూర్ణమని యుండును. రెండును నస్పూరికి బాక్షికములే. ఉపాధ్యాయుడు బాలురకు ముందుగ దమ గ్రామపు టక్షాంశ రేఖాంశములను జెప్పి, వానికి దగిన గ్రాసమును లెక్కించి గీసి చూపి, పిమ్మట గ్రహణమునకు బేరు చెప్పుట యుక్తము. సిద్ధాంతములు లంబన నతులను విధించినదియు, శాసనపరిశోధకు డనుసరింపవలసినదియు నీ క్రమమే.